ఓడితే ఏమవుతుందోనన్న భయం: పిల్లలపై పోటీ ఒత్తిడి తగ్గించడానికి కోచ్ చేయాల్సిన పనులు

పోటీకి ముందు దేనికి భయమేస్తోందని పిల్లల్ని అడిగి చూడండి. ఎదుటి అమ్మాయి స్మాష్‌కో, పక్క లేన్‌లో పరుగెత్తేవాడి వేగానికో భయపడేవాళ్లు తక్కువ. ‘ఓడితే సార్ ఏమంటారో’, ‘ఇంటికి వెళ్లేదాకా నాన్న మాట్లాడరు’, ‘స్పోర్ట్స్ స్కూల్లో సీటు రాదేమో’ వంటి జవాబులే ఎక్కువగా వినిపిస్తాయి. ఆట ముగిశాక జరగబోయేదే ఆ పిల్లల్ని భయపెడుతోంది. దాన్ని మార్చడం చాలావరకు కోచ్ చేతిలో పని. అందుకే, పిల్లలకు ధైర్యం నూరిపోసే ముందు ఓటమి తర్వాతి గంటను సరిచేయాలని నేను గట్టిగా నమ్ముతాను. కింద చెప్పేవన్నీ ఏదో ఒక విధంగా దానికి సంబంధించినవే.

పది నుంచి పదిహేడేళ్ల పిల్లలకు నేర్పే కోచ్‌లు, పీఈటీలు, ఫిజికల్ డైరెక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా బ్యాడ్మింటన్, అథ్లెటిక్స్‌కు చెందినవి. కబడ్డీ, ఖోఖో, విలువిద్య నేర్పేవాళ్లు తమ ఆటకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఒత్తిడి పూర్తిగా పోవాలని కోరుకోకండి. రాబర్ట్ యర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల నుంచి పుట్టిన ఆలోచన ఒకటి క్రీడల్లో నేటికీ వాడుకలో ఉంది: ఉద్వేగం మరీ తక్కువైతే చురుకుదనం రాదు, మరీ ఎక్కువైతే చేతకాదు, మధ్యలో ఎక్కడో పనితనం బాగుంటుంది. పోటీకి ముందు గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కు వెళ్లడం మామూలే. పన్నెండేళ్ల పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. తనకు ఏదో అయిపోతోందని ఆ పిల్ల ఇంకా కంగారు పడుతుంది. ‘నీ ఒళ్లు ఆటకు సిద్ధమవుతోందమ్మా, అందరికీ ఇలాగే ఉంటుంది’ అని ముందే చెప్పి ఉంచండి.

మెట్టు 1: ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ 1970ల నుంచి పిల్లల బేస్‌బాల్ కోచ్‌లను దగ్గరగా గమనించారు. మైదానంలో తామెలా ప్రవర్తిస్తున్నారో కోచ్‌లకే సరిగా తెలియదని తేలింది. పిల్లలు చెప్పిన వివరాలే పరిశీలకులు రాసుకున్నవాటికి దగ్గరగా ఉన్నాయి. ఆ తర్వాత కొందరు కోచ్‌లకు చిన్న శిక్షణ ఇచ్చారు: మంచి ప్రయత్నాన్ని వెంటనే మెచ్చుకోవాలి, తప్పు చేసినప్పుడు ధైర్యం చెప్పి ఎలా సరిదిద్దుకోవాలో చూపించాలి, తిట్లు, శిక్షలు మానేయాలి. 1992లో ప్రచురితమైన వారి అధ్యయనంలో, శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడాదికి ఆట మానేసినవాళ్లు 5 శాతం. శిక్షణ లేని కోచ్‌ల దగ్గర 26 శాతం. గెలుపోటముల లెక్కలో ఆ రెండు రకాల జట్ల మధ్య తేడా లేదు. తిట్టినంత మాత్రాన ఎక్కువ గెలవలేదు, తిట్టకపోతే ఎక్కువ ఓడనూ లేదు.

కాబట్టి మొదటి పని ఇదీ. ఒక ప్రాక్టీసు మ్యాచ్‌లో ఫోనును స్టాండుకు బిగించి, కెమెరాను కోర్టు వైపు కాకుండా మీ వైపు తిప్పి రికార్డు చేయించండి. రాత్రి ఇంట్లో శబ్దం తీసేసి చూడండి. పాయింటు పోయినప్పుడు మీ చేయి నుదుటి మీదికి వెళుతోందా? తల అడ్డంగా ఊపుతున్నారా? ముఖం పక్కకు తిప్పుకుంటున్నారా? పాయింటు పోయిన ప్రతిసారీ పిల్ల కళ్లు మీ కుర్చీ వైపు తిరుగుతాయి. మీరు నోరు విప్పకముందే మీ ముఖం తనకు చెప్పాల్సింది చెప్పేస్తుంది. తర్వాత శబ్దం పెట్టి మళ్లీ చూడండి. మంచి షాట్ తర్వాత ఎన్నిసార్లు మాట్లాడారు, తప్పు తర్వాత ఎన్నిసార్లు మాట్లాడారు? కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి.

కనిపించిన లోపాలన్నీ ఒకేసారి దిద్దుకోవాలని పెట్టుకోకండి. ఒకటి ఎంచుకోండి. ముఖం తిప్పుకోవడం మానాలనుకుంటే, పాయింటు పోయిన వెంటనే నోటుబుక్కులో ఒక చుక్క పెట్టే అలవాటు చేసుకోండి. చేతికీ కళ్లకూ ఒక పని దొరుకుతుంది, ముఖం నిదానంగా ఉంటుంది.

మెట్టు 2: ఓడితే ఏం జరుగుతుందో సీజను మొదట్లోనే చెప్పేయండి

నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద పని ఇదే. సీజను మొదలయ్యే వారంలో పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఓడిన రోజు ఏం జరుగుతుందో, ఏం జరగదో స్పష్టంగా చెప్పండి. ఇలా చెప్పవచ్చు:

‘ఓడిన రోజు నేను ఎవర్నీ తిట్టను. ఆ సాయంత్రం మ్యాచ్ గురించి మాట్లాడను, మీరే అడిగితే తప్ప. ఓడినందుకు ఎవరూ గ్రౌండు చుట్టూ అదనపు రౌండ్లు కొట్టక్కర్లేదు. ఒక్క మ్యాచ్ ఓడినంత మాత్రాన ప్రాక్టీసు బ్యాచ్ మార్చను. తర్వాతి ప్రాక్టీసు రోజున ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. అప్పుడు నేను అడిగేది స్కోరు గురించి కాదు, మనం అనుకున్న పనులు చేశావా లేదా అన్నదే.’

చెప్పాక మాట తప్పకూడదు. ఒక్కసారి తప్పినా మీ మాట మీద పిల్లలకు గురి పోతుంది. మొదటి రౌండులో ఓడిపోయినవాళ్లనూ, కప్పు గెలిచినవాళ్లనూ మీరు ఒకే తీరున పలకరిస్తున్నారా అని వాళ్లు కనిపెడుతూనే ఉంటారు.

ఓడినందుకు పరుగెత్తించడం చాలా మైదానాల్లో పాతుకుపోయిన అలవాటు. పరుగు ఆటలో సగం. దాన్ని శిక్షగా వాడితే పిల్లలకు పరుగంటేనే విరక్తి పుడుతుంది. ఇక చేయి చేసుకోవడం గురించి చర్చే అనవసరం. బడి పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ‘మా గురువు కొట్టబట్టే ఇంతవాళ్లమయ్యాం’ అనే పెద్దలు కనిపిస్తారు. ఆ గురువు దగ్గరే ఆట మానేసి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో వారికి గుర్తుండదు.

మెట్టు 3: చేతిలో ఉన్న పనిని లక్ష్యంగా పెట్టండి

‘ఈసారి స్టేట్‌కు సెలెక్ట్ కావాలి’ అన్నది కోరిక. అది ఎదుటివాళ్ల మీద, డ్రా మీద, సెలెక్టర్ల మీద ఆధారపడి ఉంటుంది. పిల్ల చేతిలో ఉన్నవాటిని ప్రతి మ్యాచ్‌కూ రెండో మూడో ఎంచుకోండి. ఉదాహరణకు: ప్రతి సర్వీసుకు ముందు ఒక ఊపిరి తీసుకుని వదలాలి. షాట్ కొట్టిన ప్రతిసారీ కోర్టు మధ్యకు తిరిగి రావాలి. వెనుకబడినా భుజాలు వాల్చకూడదు. ఓడిపోయినా ఈ మూడూ చేసి ఉండవచ్చు. గెలిచినా చేయకపోయి ఉండవచ్చు. గెలిచిన రోజున కూడా వీటి గురించి అడిగితేనే పిల్లలకు మీ మాట మీద నమ్మకం కుదురుతుంది.

పరుగు పందేల్లో దీని అవసరం మరీ ఎక్కువ. పెద్దల పోటీల్లో 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే, అంటే తుపాకీ శబ్దానికి ముందే కదిలితే, అనర్హత వేటు పడుతోంది. 2011 డేగూ ప్రపంచ చాంపియన్‌షిప్స్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ అంతటివాడు అలాగే బయటికి వెళ్లాడు. ఈ భయంతో బ్లాక్స్‌లో (పరుగు మొదట్లో పాదాలు ఆన్చే దిమ్మల్లో) కూర్చున్న కుర్రాడికి ‘జాగ్రత్త, ముందే కదలకు’ అని చెబితే కాళ్లు బిగుసుకుపోతాయి. ‘శబ్దం వినగానే చేతులు విసురుతూ నేలను నెట్టు’ అని చెప్పండి. అప్పుడు మనసుకు చేయాల్సిన పని ఒకటి దొరుకుతుంది.

మెట్టు 4: ఒత్తిడిని ప్రాక్టీసులోనే రుచి చూపించండి

ప్రశాంతమైన హాలులో, తెలిసిన స్నేహితులతో, స్కోరు లేకుండా నెలల తరబడి ఆడిన పిల్లను ఒక్కసారిగా సెలెక్షన్ ట్రయల్స్‌లో నిలబెడితే తడబడక ఏం చేస్తుంది? వారంలో ఒక రోజు పోటీ వాతావరణాన్ని కావాలనే సృష్టించండి. అయితే ముందే చెప్పి చేయండి. చెప్పకుండా చేస్తే అది నమ్మకద్రోహమవుతుంది.

గేమును 17–19 దగ్గర మొదలుపెట్టి, వెనుకబడినవాళ్లు ఎలా అందుకుంటారో చూడండి. షటిల్ గీత లోపల పడిందా, బయట పడిందా అని చెప్పే లైన్ కాల్స్ ఒకటి రెండు తప్పుగా ఇవ్వండి. వామప్ అయ్యాక అరగంటో, ముప్పావు గంటో ఊరికే కూర్చోబెట్టి అప్పుడు ఆడించండి. మన టోర్నమెంట్లలో పదింటికన్న మ్యాచ్ మధ్యాహ్నం దాటాక మొదలవడం కొత్తేమీ కాదు. చిన్న బ్యాచ్ పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించండి. వీలైతే నెలకోసారి వేరే ఊరి హాలుకు తీసుకెళ్లండి. గాలి మారితే షటిల్ దారి మారుతుంది, దానికి కూడా అలవాటు పడాలి.

ఇలాంటి సాధన ఎందుకో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి రేసు చూస్తే తెలుస్తుంది. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో పక్క లేన్‌లోని చైనా క్రీడాకారిణి ముందే కదిలింది. అధికారులు జ్యోతిని కూడా బయటికి వెళ్లమన్నారు. ఆమె ట్రాక్ మీదే నిలబడి తన వాదన వినిపించింది. చివరికి ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. అంత గందరగోళం తర్వాత బ్లాక్స్‌లో కూర్చుని ఆమె మూడో స్థానంలో ముగించింది. చైనా అమ్మాయిపై వేటు పడటంతో కాంస్యం రజతంగా మారింది. అలాంటి నిమిషం ఎప్పుడు ఎదురవుతుందో ఏ కోచ్ కూడా ఊహించలేడు. గందరగోళం తర్వాత మనసును మళ్లీ ఆట మీదికి తెచ్చుకోవడం మాత్రం నేర్పవచ్చు.

దానికి పనికొచ్చేది ఊపిరి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలడం. వదలడం ఎక్కువసేపు సాగితే గుండె వేగం నెమ్మదిస్తుంది. మ్యాచ్ రోజున కొత్తగా నేర్పితే ఇది పని చేయదు. కనీసం నెల ముందు నుంచి ప్రతి ప్రాక్టీసు చివర్లో రెండు నిమిషాలు చేయించండి. తర్వాత పాయింటుకూ పాయింటుకూ మధ్య ఒక వరుస అలవాటు చేయండి: షటిల్ తీయడం, రాకెట్ తీగల వైపు చూడటం, ఒక ఊపిరి, తనకు నచ్చిన ఒక మాట మనసులో అనుకోవడం. ఆ మాట పిల్లే ఎంచుకోవాలి. ‘కాళ్లు’, ‘నెమ్మది’, ‘రా’, ఏదైనా సరే.

ఇక్కడ ఒక జాగ్రత్త. అందరికీ ఒకే మందు పనిచేయదు. కోర్టులో నెమ్మదిగా ఉండే పి.వి. సింధు చేత కోచ్ గోపీచంద్ తన అకాడమీలో అందరి ముందూ గట్టిగా అరిపించిన సంగతి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. ఆమెను ఏళ్ల తరబడి చూసి, ఆమెకు ఏం కావాలో తెలుసుకుని చేసిన పని అది. అది చదివి మీ బ్యాచ్‌లోని బెరుకు పిల్లాడిని అందరి ముందూ అరవమంటే వాడు మర్నాడు ప్రాక్టీసుకు రాకపోవచ్చు. ‘నువ్వు బాగా ఆడిన రోజు గుర్తుందా? ఆ రోజు మ్యాచ్‌కు ముందు ఎలా ఉన్నావు? నవ్వుతూ తిరిగావా, ఒక్కడివే కూర్చున్నావా?’ అని అడగండి. ఏం చేయాలో ఆ జవాబులోనే దొరుకుతుంది.

మెట్టు 5: మ్యాచ్ రోజు తక్కువ మాట్లాడండి

ముందు రోజు రాత్రి పెద్ద మీటింగు పెట్టకండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. స్టేడియం డార్మిటరీలో నేల మీద పడుకునే పిల్లలకు అది దొరకడం కష్టమే. కనీసం లైట్లు ఆర్పే వేళనూ, ఫోన్లు పక్కన పెట్టే వేళనూ నిర్ణయించి, అవి మీరూ పాటించండి. పొద్దున అలవాటైన తిండే పెట్టండి.

ఇక బ్యాడ్మింటన్ కోచ్‌కు అసలైన పరీక్ష ఆ అరవై సెకన్లు. 21 పాయింట్ల పద్ధతిలో ఒకరి స్కోరు 11కు చేరగానే 60 సెకన్ల విరామం ఉంటుంది, గేముల మధ్య 120 సెకన్లు. ఆ నిమిషంలో కొందరు కోచ్‌లు ఊపిరాడకుండా పది సలహాలు ఇస్తారు. పిల్ల తల ఊపుతూ ఉంటుంది, ఒక్కటీ చెవికెక్కదు. మీ అమ్మాయి 6–11తో వెనుకబడి వచ్చిందనుకుందాం. ఆ నిమిషాన్ని ఇలా వాడండి.

మొదటి ఇరవై సెకన్లు మాట్లాడకండి. తువాలు, నీళ్లు అందించండి. ఆమె ఊపిరి కుదుటపడనివ్వండి.

తర్వాత ఒకే ప్రశ్న: ‘అటువైపు ఏం కనిపిస్తోందమ్మా?’

‘సార్, అన్నీ నా బ్యాక్‌హ్యాండ్ వైపే వేస్తోంది.’

‘సరిగ్గా చూశావు. ఒక అడుగు ఎడమకు జరిగి నిలబడు. వచ్చే మూడు ర్యాలీలు అదొక్కటే చూసుకో.’

మిగిలిన పది పదిహేను సెకన్లు ఆమెవి. లేచి వెళ్లేటప్పుడు మీ ముఖం మామూలుగా ఉంటే చాలు.

ఈ సంభాషణలో ఆమె తన కళ్లతో చూసి చెప్పింది, మీరు ఒక్క పనే ఇచ్చారు. ‘నెట్‌కు కొట్టకు’, ‘కంగారు పడకు’, ‘సర్వీసు పోగొట్టకు’ వంటి మాటల్లో చేయకూడనిదే ఉంది, చేయాల్సింది లేదు. ‘షటిల్‌ను ఇంకాస్త ఎత్తులో అందుకో’ అంటే ఏం చేయాలో తెలుస్తుంది. ‘ఈ మ్యాచ్ చాలా ముఖ్యం’ అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆ సంగతి పిల్లకు మీకంటే బాగా తెలుసు.

మెట్టు 6: మ్యాచ్ తర్వాతి గంటను కాపాడండి

ఓడిన పిల్ల కోర్టు దిగగానే నీళ్లు ఇచ్చి పక్కన ఉండండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ఏడవకూడదు’ అనే మాట ఆ వయసులో ఇంకో ఓటమిలా తగులుతుంది. ‘బాగా ఆడావు’ అని అబద్ధం కూడా చెప్పకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నిజంగా బాగా చేసినది ఏదో ఒకటి చెప్పండి: ‘రెండో గేములో 12–18 నుంచి 17–19 దాకా తెచ్చావు, అది చూశాను.’ విశ్లేషణ ఏదైనా తర్వాతి ప్రాక్టీసులోనే. అప్పుడు కూడా ముందు పిల్ల మాట్లాడాలి, మీరు తర్వాత.

పెద్ద వేదికల మీద ఓడినవాళ్లు తిరిగి లేచిన కథలు మనకు తెలుసు. షూటర్ మను భాకర్ టోక్యో ఒలింపిక్స్‌లో పిస్టల్ మొరాయించి వెనుదిరిగింది, 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది. ఆ మధ్యలో, టోక్యోకు ముందు దూరమైన కోచ్ జస్పాల్ రాణాతో 2023లో మళ్లీ కలిసి పనిచేయడం మొదలుపెట్టింది. కోచ్‌లు ఈ కథలో గమనించాల్సింది అదే. చెడిన సంబంధాన్ని తిరిగి కలుపుకోవచ్చు.

తల్లిదండ్రులతో సీజను మొదట్లోనే ఒక సమావేశం పెట్టండి. గ్యాలరీలోంచి సలహాలు అరవొద్దని చెప్పండి. అంతకంటే ముఖ్యమైనది ఇంటికి వెళ్లే దారి. నాన్న బండి నడుపుతూ, వెనక కూర్చున్న పిల్లతో మ్యాచ్ మొత్తం తిరగదోడే ఆ అరగంటకు భయపడే పిల్లలు నాకు చాలామంది తెలుసు. ‘ఆకలేస్తోందా? ఏం తిందాం?’ అని అడిగితే చాలని వారికి చెప్పండి. ‘నీ రాకెట్లకు, షటిళ్లకు ఇంత ఖర్చు పెడుతున్నాం’, ‘నీ కోసమే ఊరొదిలి హైదరాబాద్ వచ్చాం’, ‘పొలం అమ్మాం’ అనే మాటలు పిల్ల ముందు అనొద్దని ప్రత్యేకంగా కోరండి. ఆ ఖర్చు నిజమే, ఆ త్యాగమూ నిజమే, దాన్ని తక్కువ చేయకుండానే చెప్పండి. కానీ 19–19 దగ్గర సర్వీసు చేసే పిల్ల భుజాల మీద ఆ పొలం కూడా ఉంటే చేయి ఎలా ఆడుతుంది?

పదో తరగతి పిల్లలకు మార్చి పరీక్షల ముందు పోటీలు తగ్గించండి. బాక్సింగ్, కుస్తీ, జూడో కోచ్‌లు ఎదిగే పిల్లల చేత బరువు తగ్గించి చిన్న కేటగిరీలో ఆడించే పని పెట్టుకోకండి. ఆడపిల్లల ఒళ్లు గురించి వ్యాఖ్యలు అసలే వద్దు. నెలసరి గురించి మాట్లాడటానికి ఒక మహిళా కోచ్‌నో, టీచరునో నియమించి, ఆ సంగతి పిల్లలందరికీ తెలిసేలా చూడండి.

మెట్టు 7: మీ చేతిలో లేనిదాన్ని గుర్తించండి

మామూలు పోటీ భయం ఆట మొదలయ్యాక తగ్గుతుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, ఇష్టమైన ఆటంటేనే విసుగు, డాక్టరు పరీక్షించినా కారణం దొరకని కడుపునొప్పి, తలనొప్పి, స్నేహితులకు దూరంగా ఉండటం కనిపిస్తే అది కోచింగుతో తీరేది కాదు. ప్రపంచంలో మేటి జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది. సాయం తీసుకుంది, సమయం తీసుకుంది. పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆగడం తప్పు కాదని మీ పిల్లలకు చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు.

అలాంటి పిల్లతో విడిగా, కానీ నలుగురికీ కనిపించే చోట కూర్చుని మాట్లాడండి. ‘ఈ మధ్య నువ్వు సరిగా తినట్లేదని గమనించాను. ఏమైనా ఇబ్బందిగా ఉందా?’ అని చూసిన విషయమే చెప్పి అడగండి. వెంటనే జవాబు రాకపోతే ఒత్తిడి చేయకండి, రెండు రోజులాగి మళ్లీ అడగండి. చనిపోవాలనుందని ఏ రూపంలో అన్నా తేలిగ్గా తీసుకోకండి. ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా, తల్లిదండ్రులకు కబురు పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరైనా వేధిస్తున్నారన్న అనుమానం ఉంటే పిల్లల సహాయవాణి 1098కు చేయండి. ఈ రెండు నంబర్లనూ హాస్టలు గోడ మీద, డ్రెస్సింగ్ రూమ్ తలుపు లోపలి వైపున పెద్ద అక్షరాలతో రాయించండి. మీ దగ్గరికి వచ్చి చెప్పలేని పిల్లలు కూడా అక్కడ వాటిని చూడగలుగుతారు.